డ్రైవరు చూపించిన నగరం

నగరం గురించి ఏ సందేహం వచ్చినా ఆ వీధిలోవాళ్లు డ్రైవరునే అడిగేవారు. వారం వారం బస్సెడు జనాన్ని తీసుకెళ్లి నగరం చూపించి తీసుకొచ్చే మనిషికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అడిగినవాళ్లకు చెప్పేవాడు, అడగనివాళ్లను పిలిచి మరీ చెప్పేవాడు. ఒక్క చిన్న సంగతి మాత్రం ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. అదేమిటంటే, ఆ నగరంలో ఆయన ఏదీ చూడలేదు.

జనాన్ని గేటు దగ్గర దించడం, బండిని నీడన పెట్టడం, దాని కింద తువ్వాలు పరుచుకుని కునుకు తీయడం, ఇంతే ఆయనకు తెలిసిన నగరం. గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన అని ఎవరైనా అంటే అందరికంటే ముందు ఆయనే నవ్వేవాడు. ఆ గాడిద ఎవరో ఆయనకు బాగా తెలుసు.

చిక్కంతా కూతురితో వచ్చింది. మా నాన్నకు తెలియని చోటు లేదని, ఈ సెలవుల్లో నగరమంతా చూపిస్తాడని బడిలో చాటింపు వేసేసింది. లోకం దగ్గర పరువు పోయినా తువ్వాలు దులుపుకుని లేవగలడు గాని, ఆ పిల్ల దగ్గర పోతే ఏ ముఖం పెట్టుకుని ఇంట్లో తిరగాలి? ఒక్కరోజే కదా, ఎలాగో నెట్టుకొచ్చేద్దామనుకుని భార్యను, అత్తగారిని, కూతురిని వెంటబెట్టుకుని బయల్దేరాడు.

వేరే డ్రైవరు నడుపుతున్న బస్సులో కూర్చోవడం ఆయనకు అదే మొదలు. మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలు దానంతటదే నేలను అదిమేది.

“అల్లుడుగారూ, అది బ్రేకు కాదు, నా కాలు” అంది అత్తగారు.

నగరంలో దిగగానే ఎవర్నీ దారి అడక్కుండా ముందు నడిచి చెరువుకు తీసుకెళ్లాడు. తీరా చూస్తే అది బస్సులు నిలిపే ఖాళీ స్థలం.

“ఇక్కడి నీడ చూశారా, సాయంత్రం దాకా కదలదు. ఆ మూల కుళాయిలో నీళ్లు భలే చల్లగా ఉంటాయి” అన్నాడు గర్వంగా.

“నీడ బాగుందండీ. చెరువేదీ?” అంది భార్య.

చెరువు గోడకు అవతల ఉంది. గోడ చుట్టూ తిరిగి వెళ్లడానికి బోలెడంత సేపు పట్టింది. చెరువును ఎప్పుడైనా వెనకనుంచే చూడాలన్నాడు. భార్య ఒక చూపు చూసి ఊరుకుంది. ఆ చూపు కన్నా నాలుగు మాటలు అనేసినా బాగుండేదనిపించింది ఆయనకు.

తర్వాత కోట. “లోపల ఏముంది నాన్నా?” అంది కూతురు. ఆయన “ముందే చెప్పేస్తే ఇక చూడ్డానికేం ఉంటుంది?” అన్నాడు. తప్పించుకున్నందుకు తన తెలివికి తనే మురిసిపోయాడు కూడా.

“ఎంతమంది?” అన్నాడు టికెట్లు ఇచ్చే గుమాస్తా.

అలవాటు చొప్పున వెనక్కి తిరిగి వేలితో తలలు లెక్కపెట్టాడు. ముగ్గురు. మూడు టికెట్లు కొని, వాళ్లను గేటు దాటించి, “గంటలో వచ్చెయ్యండి, ఆలస్యమైతే బండి ఆగదు” అని చెప్పి, మనసు తేలికపడి బస్సులు నిలిపేచోట గోడ నీడకు పోయాడు. తువ్వాలు పరిచి పడుకుని కళ్లు తెరిచి చూస్తే పైన బండి లేదు, ఆకాశం ఉంది.

అప్పుడు వెలిగింది. వచ్చింది నలుగురు. తనను తాను లెక్కలో వేసుకోలేదు. ఇన్నేళ్లలో ఏనాడైనా వేసుకుంటేగా.

ఆ బుద్ధికి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. లేచి తువ్వాలు దులుపుతుండగా కూతురు పరుగెత్తుకుంటూ వచ్చింది.

“లోపల లెక్కపెట్టాను నాన్నా. ఒకరు తక్కువొచ్చారు. నువ్వు ఇక్కడుంటావని గేటు దగ్గర కాపలా తాత చెప్పాడు. వచ్చినప్పుడల్లా ఇక్కడే పడుకుంటావటగా?”

ఎన్నోసార్లు చూసేశానమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయాసపడుతున్న ఆ ముఖం చూశాక దాన్ని బయటికి తేలేకపోయాడు.

“నేనెప్పుడూ లోపలికెళ్లలేదమ్మా.”

“ఒక్కసారి కూడా?”

“ఒక్కసారి కూడా.”

ఇక తన పరువు అయిపోయిందనుకున్నాడు ఆయన.

“సరేలే, మొదటి గది నేను చూసేశాను. దాని గురించి నేను చెప్తా, రా” అని చెయ్యి పట్టుకుంది.

“మళ్లీ ఎంతమంది?” అన్నాడు గుమాస్తా.

“ఒకరు.”

“ఎవరు?”

“నేనే.”

గుమాస్తా కిటికీలోంచి తల బయటపెట్టి చూసి, టికెట్టు చింపి ఇచ్చాడు.

గేటు లోపల భార్య, అత్తగారు ఎదురు చూస్తున్నారు. కూతురు అందరినీ వరసగా నిలబెట్టి వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. అమ్మమ్మ, అమ్మ, తను. చివరి వేలు ఆయన పొట్టకు ఆనించి, “నాన్న. సరిపోయింది. రైట్, రైట్” అంది.

డ్రైవరు కదిలాడు.