సహవాసపు రొట్టె

శీతకాల ప్రభాతమున దక్షిణాఫ్రికాలోని నేటాలు సముద్రతీరమునందు కోతకుముందు తగులబెట్టిన చెరకుతోటల మసి గాలికెగసి తెలుగుకూలీల రేకుటిండ్లపైనను క్రైస్తవ దేవాలయపు సున్నపుగోడలపైనను నిశ్శబ్దముగా గురియుచుండెను. కులమును బంధువర్గమును సముద్రమునకావల విడిచివచ్చిన యాజనులకు ఆ నూతనరాజ్యమున తల్లియు దండ్రియు బడియు బంచాయతియు నా చిన్న దేవాలయమే. పెండ్లియైనను బీనుగైనను సంఘము కదలినగాని జరుగదు. అయ్యో, అంతటి యాశ్రయమే యలిగినచో మనుజుడెక్కడికి బోవును?

చెరకుకోతగాడైన జకర్యా సంఘము కూడదన్న మారెమ్మ జాతరలో తాతలనాటి డప్పు చేతబట్టి తనివితీర వాయించెను. చేతులూరకుండలేదట! అతని భార్యయగు తబితకు స్వయానా అన్నయైన నతానియేలు సంఘపెద్దయగుటచే నాతనిని సహవాసమునుండి వెలిపెట్టెను. వెలిపడినవాడు ఆదివారమునాడు సంఘమెదుట లేచి నిలిచి తప్పొప్పుకొనినగాని ప్రభుభోజనపు రొట్టె ముట్టరాదు. ముట్టకయే చచ్చెనా, వాని పాడె మోయ సంఘమువారెవ్వరును రారు. జకర్యా పంతము పట్టి నిలువడయ్యె. పిదప క్షయవ్యాధి మంచమున బడవేయగా నా పంతము నీరుగారిపోయెను.

"నన్ను దిక్కులేని పీనుగును జేయకుమే" అని భార్యచేయి పట్టుకొని యేడ్చెను.

తబిత యన్నయింటికి బరుగెత్తి "అన్నా, నీకు పుణ్యముండును, ఆ రొట్టెముక్క యింటికి దెచ్చి యీయుము" అని కాళ్లపై బడెను.

నతానియేలు చెల్లెలిని లేవనెత్తి "నా బావకొక న్యాయము, పెరవారికొక న్యాయమా? లోకము నా మొగమున నుమియదా? నిలువవలసినదే చెల్లీ" అనెను. కట్టుబాటు సడలినచో నీ పరదేశమున మనవారు చెదరిపోవుదురని యతని భయము. ఆ భయమబద్ధము కాదు. కాని చెల్లెలి కన్నీరు మాత్రమబద్ధమా?

ఆదివారమున జాతర డప్పుగాండ్రే జకర్యాను మంచముతో మోసికొనివచ్చి దేవాలయమున దింపి వెలుపలికి బోయిరి.

"జకర్యా, లేచి నిలువుము" అని నతానియేలు పిలిచెను. మంచము కిఱ్ఱుమనెనేగాని మనిషి లేవలేదు.

తబిత లేచి "అన్నా, ఆయనకు మారుగా నేను నిలిచితిని. ఆ తప్పు నామీద వేయుము" అనెను.

"ఒకరి తప్పు మరియొకరు మోయజెల్లదు!" అని నతానియేలు గద్దించెను.

ఆ మాట తన చెవినబడినంతనే, సిలువక్రింద నిలిచియున్న నతానియేలు మొగమున కత్తివేటుకు నెత్తురుచుక్క లేకపోయెను. ఎల్లవారి తప్పులను క్రీస్తే సిలువపై మోసెనని యతడే ప్రతి యాదివారమును బోధించుచుండెను! గబగబ రొట్టె విరిచి పరుగున వచ్చి మంచముకడ మోకరిల్లి "బావా, నాది తప్పు, నోరు తెరువుము" అని వెక్కివెక్కి యేడ్చెను.

జకర్యా నోరు తెరచియే యుండెను. ఊపిరి మాత్రము లేదు.

తబిత యన్నచేతిని మెల్లగా నావలకు ద్రోసి "ఇంక నాయనకాకలి లేదన్నా" అనెను.