పాత తాళాల కొట్టు

ఓడరేవు గేటు దాటి ఊళ్లోకి నడిస్తే మొదటి మలుపులో తాళాలయ్య కొట్టు తగులుతుంది. ఇంట్లో పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గాని, వీధికి దానితో ఎప్పుడూ పని పడలేదు. తాళాలు, గొళ్లేలు, తలుపు గడియలు అమ్ముతాడు కాబట్టి తాళాలయ్య. సముద్రం పక్కన ఇనుము వ్యాపారమంటే సగం గిరాకీతో బేరం, సగం గాలితో పోట్లాట. ఆ ఉప్పుగాలికి నిన్న దిగిన సరుకు ఎల్లుండికి ముసలిదైపోతుంది. అందుకని పొద్దున కొట్టు తెరవగానే బనీను ముక్కని నూనెలో ముంచి, ఒక్కో తాళాన్నీ పసిపిల్లకి ఒళ్లు తుడిచినట్టు తుడుస్తాడు. తండ్రీ అదే చేశాడు, తాతా అదే చేశాడు. మూడు తరాల్లో సముద్రానికి ఒక్క తాళం కూడా వదిలిపెట్టలేదని అతని గొప్ప. ఆ గొప్ప వినకుండా తాళం కొనుక్కుని బయటపడినవాడు ఆ ఊళ్లో లేడు.

ఆ మధ్య రేవుకి విహారపు ఓడలు రావడం మొదలైంది. జనం పొద్దున దిగుతారు, సాయంత్రం ఎక్కేస్తారు. ఈ మధ్యలో వాళ్ల జేబులకి దారి చూపించడానికి వర్తక సంఘం ఒక చిన్న పుస్తకం వేయాలని తీర్మానించింది. 'ఊరి నడిబొడ్డున ఎక్కడ ఏం కొనాలి' అని దానికి పేరు. వీధిలో కొట్లన్నీ సంఘం అద్దెకిచ్చినవే. పుస్తకంలోకి ఎక్కిన కొట్టు ఉన్నచోట ఉంటుంది, ఎక్కనిది ఖాళీ చేస్తుంది, ఆ చోటులో కాఫీ హోటల్ వస్తుంది. ఉన్న కాఫీ హోటళ్లు చాలవా అని సంఘంలో ఎవరూ అడగలేదు. అడగాల్సిన సమయంలో అందరి చేతుల్లోనూ కప్పులున్నాయి.

సంఘం కార్యదర్శి తాళాలయ్యకి స్వయానా బావమరిది. పెళ్లాం తమ్ముడు కదా, పని తేలికని తాళాలయ్య మొదట అనుకున్నాడు. తర్వాత లెక్క తేలింది. పరాయివాడైతే ఒక నమస్కారంతో పోయేది. బావమరిది కాబట్టి భోజనానికి పిలవాలి, సంఘానికి వాడు చేసిన సేవంతా మొదటి నుంచీ చెప్తుంటే వినాలి, చేతులు కడుక్కున్నాక మిగిలినదీ వినాలి. అన్నీ విని, నన్ను మర్చిపోకు అని తాళాలయ్య గుమ్మం దాకా సాగనంపాడు.

మర్నాడు బావమరిది ఫోన్ చేసి, పుస్తకంలో చోటు తక్కువ, కొట్టు గురించి ఒక్క ముక్కలో చెప్పమన్నాడు. తాళాలయ్య గొంతు సవరించుకున్నాడు.

"రాసుకో. పాత తాళాల కొట్టు. మూడు తరాలది."

కొట్టు పాతదని అతని ఉద్దేశం. బావమరిది చెవిన ఏం పడిందో, పుస్తకం అచ్చయి వచ్చాక గాని తెలియలేదు. తాళాలయ్య భార్య గల్లా పెట్టె దగ్గర నిలబడి పైకి చదివింది. "పాత తాళాల కొట్టు. ఇచట మూడు తరాల నాటి తాళములు లభించును." చదివి పుస్తకం మూసింది.

"పాత అన్న మాట కొట్టుకి అంటించాలండీ. మీరు తీసుకెళ్లి తాళాలకి అంటించారు."

"నేనా? రాసింది మీ తమ్ముడు."

"మీరన్నదే రాశాడు. వాడికి సొంతంగా రాసే తెలివుంటే కార్యదర్శి ఎందుకవుతాడు?"

తాళాలయ్య ఫోన్ తీసుకుని, తప్పు దిద్దించమని బావమరిదిని బతిమాలాడు. అవతలివాడు తీరిగ్గా విన్నాడు. కొత్త తాళాల కొట్టని రాస్తే సంఘం ఒప్పుకునేదే కాదన్నాడు. ఓడ దిగినవాడు కొత్త తాళం కొని ఏ తలుపుకి వేసుకుంటాడని ఎదురడిగాడు. ఇంతకీ నీ నోట మంచి మాటే వచ్చింది, దాన్ని పాడుచేసుకోకు బావా అని హితవు చెప్పాడు. ఆఖర్న, వచ్చే నెల సంఘం తరఫున ఒక నిపుణుడు కొట్టుకొట్టుకీ తిరిగి, పుస్తకంలో ఉన్నట్టు లేనివాళ్లని ఖాళీ చేయిస్తాడని చెప్పి పెట్టేశాడు.

ఆ వారమే మొదటి ఓడ గిరాకీ వచ్చింది. పెద్ద టోపీ పెట్టుకున్న ఒకావిడ పుస్తకం చేత్తో పట్టుకుని, రంగు కళ్లద్దాల్లోంచి కొట్టంతా కలియజూసింది. తాళాలయ్య ఉన్నవాటిలో మేలైనది తీసి, తాళంచెవి తిప్పి, టక్కున వేసి టక్కున తీసి చూపించాడు. ఆవిడ మొహం వాడిపోయింది. అంతలో తలుపు కొట్టుకోకుండా నేల మీద అడ్డం పెట్టిన తుప్పు ముద్ద ఆవిడ కంటపడింది. అదొకప్పుడు తాళమే. చెవి లేదు, కన్నం పూడిపోయింది, గొలుసు మీద వేస్తే గొలుసుకే అవమానం. ఆవిడ దాన్ని రెండు చేతులా ఎత్తుకుంది. ఎంత అని సైగ చేసింది. తాళాలయ్య నవ్వులాటకి కొత్త తాళం ధర చెప్పాడు. ఆవిడ బేరమాడకుండా ఇచ్చేసి వెళ్లిపోయింది.

వర్తకుడికి ఇంతకంటే పెద్ద దెబ్బ ఉండదు. బేరమాడలేదంటే తక్కువ చెప్పినట్టే. ఆ పూటంతా అతనికి అన్నం సయించలేదు.

భార్యకి మాత్రం బాగా సయించింది. తినేసి, చేయి కడుక్కుని, అరలోని కొత్త తాళాల పెట్టె నెత్తిన పెట్టుకుని డాబా ఎక్కింది. అక్కడ బట్టలారేసే తీగకి తాళాలన్నిటినీ గుత్తులుగా వేలాడదీసి, బకెట్‌తో సముద్రపు నీళ్లు తెచ్చి చిలకరించింది. తాళాలయ్య మెట్ల మీద నిలబడిపోయాడు. కన్నకూతురిని ఎండలో నిలబెట్టినట్టుంది అతనికి.

"ఇది మోసం కాదూ?" అన్నాడు.

"పాతవని మనం అంటున్నామా? వాళ్లంటున్నారు. మనం ధర మాత్రమే అంటాం."

ఈ లెక్కలో తప్పెక్కడుందో అతనికి దొరకలేదు. దొరికేదాకా ఆగుదామనుకుంటే నిపుణుడు ఆగడు. అంచేత మర్నాటి నుంచి నూనె గుడ్డ మూలన పడింది. రోజూ పొద్దున్నే డాబా ఎక్కి, ఏ తాళం ఎంతవరకు పండిందో చూసి, వెనకబడ్డవాటికి ఇంకో చెంబు పోసేవాడు. తండ్రీ తాతా ఏ గాలితో పోట్లాడారో ఆ గాలిని కూలికి పెట్టుకున్నట్టయింది. పైగా కూలి అడగని పనివాడు. ఓడలు వచ్చినప్పుడల్లా తుప్పు చెల్లిపోయింది. చెవి లేనిది చెవి ఉన్నదాని కంటే ఎక్కువ పలికింది. అసలు తెరుచుకోనిదైతే వాళ్లలో వాళ్లే పోటీపడి కొన్నారు.

ఊరివాళ్లు మాత్రం రావడం తగ్గించారు. ఐసు ఫ్యాక్టరీ మేనేజరు గొళ్లేనికని వచ్చి, గుమ్మంలోంచే చూసి, పాత సామాన్లోకి దిగారా అని పలకరించి వెళ్లిపోయాడు. పలకరింపే, తిట్టు కాదు. అయినా తాళాలయ్యకి రెండ్రోజులు గుచ్చుకుంది.

నిపుణుడు వచ్చిన రోజు కొట్లో టైలరు పెద్దాయన కూడా ఉన్నాడు. వీధి చివర బట్టలు కుట్టే మనిషి, ఈ కొట్టుకి తాళాలయ్య తండ్రి నాటి గిరాకీ. తన కొట్టు తాళంలో చెవి విరిగి ఇరుక్కుపోయిందట, ఇంకోటి కావాలన్నాడు. తాళాలయ్య జవాబిచ్చేలోగా మెళ్లో భూతద్దం వేలాడేసుకుని నిపుణుడు, వెనక చేతులు కట్టుకుని బావమరిది లోపలికొచ్చారు. పెద్దాయన మర్యాదగా పక్కకి జరిగి, గోడకానుకుని నిలబడ్డాడు.

నిపుణుడు డాబా సరుకులో ఒకటి తీసుకుని, భూతద్దం కింద పెట్టి, వేలితో తుప్పు గీకి వాసన చూశాడు. తెరచాప ఓడల కాలం నాటి పనితనమని తేల్చాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. తల తిప్పి, మీ తాతగారి సరుకేనా అని తాళాలయ్యని అడిగాడు.

దీనికి జవాబు భార్య ముందే నేర్పింది. 'అవునండీ, మా తాతగారిదే' అంటే చాలు. నాలుగు రోజులుగా గల్లా పెట్టె దగ్గర అద్దంలో చూసుకుంటూ సాధన కూడా చేశాడు. కానీ గోడ దగ్గర పెద్దాయన కళ్లజోడు మీంచి చూస్తున్నాడు. సరిగ్గా అలాంటి తాళమే ఆయనకి అమ్ముతూ, మూడు తరాల గొప్పంతా ఆయన చెవిలో పోసింది తనే. నోట్లోకొచ్చిన తాతగారు నోట్లోనే ఆగిపోయారు.

"నిరుడు దిగిన సరుకండీ. డాబా మీద ఆరేస్తే ఇలా అయింది."

గల్లా పెట్టె దగ్గర భార్య కళ్లు మూసుకుంది. నిపుణుడు మాత్రం తాళాలయ్య భుజం తట్టి మనసారా నవ్వాడు.

"చూశారా కార్యదర్శి గారూ? అసలు సరుకున్నవాడు ఇలాగే అంటాడు. నకిలీవాడే తాతల పేరెత్తుతాడు."

కాగితం మీద సంతకం పడింది. మలుపు కొట్టు తాళాలయ్యకే ఖాయమైంది. బయటికి వెళ్తూ బావమరిది ఒక క్షణం ఆగి, ఇంత నటన నీలో ఉందని తెలియలేదు బావా అని చెవిలో మెచ్చుకుని మరీ వెళ్లాడు. జీవితంలో చెప్పిన అత్యంత కష్టమైన నిజానికి తాళాలయ్యకి దొరికిన ఫలం అది.

వాళ్లు వీధి దాటాక పెద్దాయన గోడ దగ్గర నుంచి కదిలాడు.

"అయిందా మీ తంతు? నాకు తాళం కావాలి. తాళమంటే, వేస్తే పడాలి, తీస్తే రావాలి."

తాళాలయ్య అరలన్నీ లాగాడు. పెట్టెలు దులిపాడు. నిపుణుడు వస్తున్నాడని ఆఖరి పెట్టె కూడా డాబా ఎక్కించామని భార్య మెల్లిగా గుర్తుచేసింది. ముందు గదిలో, వెనక గదిలో, ఎక్కడా మెరిసేది ఒక్కటి లేదు. పెద్దాయన కాసేపు ఓపిక పట్టి, సంచి చంకన పెట్టుకున్నాడు.

"పోనీలే నాయనా. తాళాలు ఎక్కడ దొరుకుతాయో అది చెప్పు. వెళ్లి కొనుక్కుంటాను."

వెటకారమైతే తట్టుకునేవాడు. పెద్దాయన నిజంగానే దారి అడుగుతున్నాడు. తాళాలయ్య గుమ్మం దగ్గరికి వెళ్లి, షట్టరు పక్కన మేకుకి వేలాడుతున్న తన కొట్టు తాళం తీసి, చొక్కా కొసతో తుడిచి, రెండు చెవులతో సహా ఆయన చేతిలో పెట్టాడు. కొత్తదాని ధరే తీసుకున్నాడు. ఊరికే ఇస్తే పెద్దాయన దాన్ని అనుమానిస్తాడు. ఆయన చెవి పెట్టి రెండుసార్లు తిప్పి, ఆ చప్పుడు విని, తలూపి వెళ్లిపోయాడు.

భార్య ఇదంతా చూస్తూనే ఉంది.

"మరి మన కొట్టుకేం వేస్తాం?"

"లోపలున్నదంతా తుప్పేగా. ఎవడెత్తుకుపోతాడు?"

"పుస్తకం చదివినవాడు," అంది ఆవిడ.

తాళాలయ్య స్టూలు ఈడ్చుకొచ్చి గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు.