నలభై నిమిషాలు

సదానందం రోజూ లాగే కళ్లద్దాలను చొక్కా అంచుతో తుడుచుకుని, కంప్యూటర్‌లో డయాలసిస్ సెంటర్ కుర్చీల పట్టిక తెరిచాడు. ఎనిమిదింట్లో ఏడు ఆకుపచ్చగా ఉన్నాయి. నాలుగోది పసుపు, మనిషి ఇంకా రాలేదు. దాని పక్కన ‘మొగిలమ్మ, వర్ధన్నపేట, పది గంటలు’ అని ఉంది. గడియారంలో పదీ ఇరవై నాలుగు.

హన్మకొండలో మెడికల్ షాపు పై అంతస్తులో ఉన్న ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు సగం ఖాళీ. అందరూ మేడారం జాతరకు పోయారు. సదానందం పోలేదు. ఇవాళే అతని ఉద్యోగానికి ఆఖరి రోజు.

నలభై ఏడేళ్ల మనిషి, బక్కపలచన, ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. పదకొండేళ్లుగా జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషలో ఫంక్షన్లు, అంటే చిన్న చిన్న ప్రోగ్రాము ముక్కలు రాయడమే అతని పని. పేరుకు ముందూ వెనకా ఉన్న ఖాళీలను కత్తిరించేది ఒకటి. తేదీలో రోజును ముందు పెట్టి చూపించేది ఒకటి. ఆత్రగాళ్లు బటన్ రెండుసార్లు నొక్కితే రెండో నొక్కు పట్టించుకోనిది ఇంకొకటి. ఏదీ నాలుగైదు వరుసలు మించదు. ఒకసారి రాసి పెడితే ఎవరికి ఎక్కడ కావాలంటే అక్కడ వాడుకోవచ్చు. పెద్ద పనులు చేసే కుర్రాళ్లు అతన్ని ‘చిల్లర కొట్టు’ అనేవారు. ఆ కొట్టుకు రానిదే వాళ్లలో ఒక్కడికీ పూట గడవదు, అది వేరే సంగతి. రేపటి నుంచి బయట రెడీమేడ్‌గా దొరికేవే వాడతారట. కొట్టుకూ సెలవు, కొట్టు మనిషికీ సెలవు.

సెల్‌ఫోన్ మోగింది. డయాలసిస్ సెంటర్ నర్సు సుగుణ.

“అన్నా, మొగిలమ్మ ఇంకా వర్ధన్నపేటలనే నిలబడ్డదట. బస్సులన్నీ మేడారం పోయినయ్, ఆటోలు గూడ లెవ్వట. మొన్నటి డయాలసిస్ గూడ తప్పింది. కాళ్లు వాచి ఉన్నయన్నా. లిస్టుల తర్వాతాయన రేపొస్తా అంటాండు, కానీ నీ కంప్యూటర్ వింటదా?”

“ఫికర్ చెయ్యకు, జర ఆగు” అన్నాడు. ఫికరంతా అతనికే పట్టుకుంది.

పేషెంటు రాకపోతే నలభై నిమిషాలు చూసి, కుర్చీని జాబితాలో తర్వాతి మనిషికి ఇచ్చేసే ఫంక్షన్ అతను రాసిందే. దానికి ‘ఆగు’ అని పేరు పెట్టుకున్నాడు. పదీ నలభైకి కుర్చీ చేజారితే వెనక్కి తీసుకునే అధికారం సుగుణకు లేదు. మొగిలమ్మకు మళ్లీ కుర్చీ జాతర అయ్యాకే. అంతవరకు ఆమె ఉండకపోవచ్చు. ఏ బండి దొరికినా గంట దారి, నలభైని తొంభై చేస్తే చాలు. కానీ నడుస్తున్న ప్రోగ్రామును ముట్టుకునే హక్కు అతనికి నిన్న సాయంత్రమే తీసేశారు.

పదీ ఇరవై తొమ్మిదికి టీమ్ లీడ్ స్రవంతి బల్ల దగ్గర నిలబడి సంగతి చెప్పాడు. ఆమె వచ్చి మూడు నెలలు. చెడ్డది కాదు, పద్ధతి మనిషి.

“టెస్ట్ చెయ్యకుండ లైవ్‌ల మార్చొద్దు సార్, మీకు తెలుసు గదా. అసలు ఈ నలభై ఎక్కడిది? నేను దాన్ని పదిహేను చేద్దామనుకుంటాన.”

పదిహేను అన్న మాటకు సదానందం ముఖం పాలిపోయింది. వెళ్లి, సొరుగులోంచి పాత గోడ క్యాలెండర్ కాగితం ఒకటి తెచ్చి ఆమె ముందు పరిచాడు. దాని వెనక వైపు నిండా పెన్సిలు అంకెలు.

“నెల రోజులు బస్టాండ్ల నిలబడి రాసుకున్న మేడం, వర్ధన్నపేట బస్సు రోజూ ఎంత లేటైతాందో. ఎక్కువల ఎక్కువ ముప్పై ఎనిమిది. అందుకే నలభై పెట్టిన.”

“మరి పైన ఇదేంది? ‘అమ్మ, 22’ అని?”

పదీ ముప్పై మూడు.

“మా అమ్మ కట్టమ్మ. ఆ బస్సుల్నే డయాలసిస్‌కు వచ్చేది. అప్పుడు పదిహేను నిమిషాలే ఆగేది. అది గూడ నేను రాసిందే.” ఆ ఇరవై రెండు మీద వేలు పెట్టాడు. “కుర్చీ వేరేటోళ్లకు పోయింది. వాపసు పోయి, మూడో దినం పానం ఇడిసింది బిడ్డా.”

ఆమెను బిడ్డా అనడం అదే మొదటిసారి. స్రవంతి కీబోర్డు దగ్గరికి లాక్కుంది. పాస్‌వర్డ్ ఒకసారి తప్పు కొట్టింది. ఫోన్‌కు రావలసిన కోడ్ ఎంతకీ రాలేదు. వచ్చేసరికి పదీ ముప్పై ఎనిమిది. నలభైని చెరిపి తొంభై రాసి, కంగారులో బటన్ రెండుసార్లు నొక్కింది. రెండో నొక్కును అతని ఫంక్షనే పట్టించుకోలేదు.

పదీ నలభై అయింది. నాలుగో కుర్చీ పసుపుగానే ఉంది.

తర్వాత ఇద్దరూ ఏ పనీ చేయలేకపోయారు. సదానందం నీళ్లు తాగాడు, ఐడీ కార్డు అప్పజెప్పాడు, మళ్లీ వచ్చి ఆమె వెనకే నిలబడ్డాడు. పదకొండు అయింది. పదకొండుంబావు అయింది. పదకొండూ ఇరవై ఏడుకు కుర్చీ ఆకుపచ్చగా మారింది.

“వచ్చిందన్నా, ఎవరిదో బండెక్కి! సూది పెడ్తాన, మళ్ల చేస్త” అని సుగుణ ఫోన్ పెట్టేసింది.

సదానందానికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా, గొడుగు సంచిలో పెట్టుకున్నాడు. క్యాలెండర్ కాగితం కోసం చెయ్యి చాచి, ఆగాడు.

“ఉండనీ, పనికొస్తది” అన్నాడు స్రవంతితో.

మెట్ల మీద చెప్పుల చప్పుడు మెల్లగా తగ్గి, వీధి రద్దీలో కలిసిపోయింది. స్రవంతి బల్ల మీది కాగితంలో, పెన్సిలు అంకెలన్నిటి కింద, నీలి సిరాతో కొత్తగా ఒక వరుస చేరింది: ‘మొగిలమ్మ, జాతర, 87.’