నిండుగా తిరిగొచ్చే సీసా

మా అమ్మాయి బడికి పట్టుకెళ్లిన నీళ్ల సీసా రోజూ నిండుగానే తిరిగొస్తుంది. సాయంత్రం సంచి సర్దుతూ ఆ నీళ్లు కిటికీలోని పూలకుండీకి పోయడం నాకు అలవాటైపోయింది. "తాగవేమే?" అంటే "దాహం వెయ్యలేదమ్మా" అంటుంది. పచ్చి అబద్ధం. ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా బాత్రూంలోకి ఎందుకు పరిగెడుతుందో నాకు తెలియదా! ఆ వయసులో నేనూ అలా పరిగెత్తినదాన్నే. ఇప్పుడు మాత్రం ఏం మారింది? నేను రోజంతా నిలబడి బట్టలమ్మే దుకాణంలో బాత్రూం తాళంచెవి యజమాని సొరుగులో ఉంటుంది. చెయ్యి చాపితే చాలు, పదిమంది ముందూ "మళ్లీనా?" అంటాడు. అందుకే అక్కడున్నంతసేపూ గుక్కెడు నీళ్లు ముట్టను.

ఈ ఏడు పిల్లని హైస్కూల్లో వెయ్యాలి. మాకు అందుబాటులో మూడు సర్కారు బళ్లున్నాయి. మా ఆయన మంచం దిగకుండా ఫోన్లోనే మూడింటినీ తూచేశారు. "మొదటిది. పాసయ్యేవాళ్లు అక్కడే ఎక్కువ. ఇంక మాట్లాడకు." సరే, నేను మాట్లాడలేదు. దుకాణం సెలవు రోజున వంట ముగించి, అత్తయ్యకి మందులిచ్చి, మూడు బళ్లకీ నడిచి వెళ్లాను. అన్నిచోట్లా ఒక్కటే అడిగాను: "ఆడపిల్లల బాత్రూం చూపిస్తారా?"

మొదటి బడిలో తాళం వేసుంది. "తాళంచెవి మా దగ్గరే ఉంటుందమ్మా, అడిగితే ఇస్తాం" అన్నారు హెడ్మాస్టరు, అదేదో ఘనకార్యంలా. "మళ్లీనా?" అన్న మాట చెవిలో గింగురుమంది. రెండో బడిలో తలుపుంది, గడియ లేదు. లోపల ఒక పిల్ల ఉంటే బయట ఇంకో పిల్ల కాపలా. మూడోది బాగా దూరం, పాసయ్యేవాళ్లూ అంతంతమాత్రం. కానీ కుళాయి తిప్పితే నీళ్లొచ్చాయి. లోపలికెళ్లి గడియ పెట్టుకున్నాను. టక్కుమని పడింది. సిగ్గు విడిచి చెబుతున్నా, నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన పగలబడి నవ్వారు. "చదువుకి పంపుతున్నామా, స్నానానికా? బుద్ధిగా చదివేవాళ్లకి అవన్నీ గుర్తే రావు. మా అమ్మలా చదువబ్బనివాళ్లకే ఈ సాకులు."

అత్తయ్య కూరగాయలు తరుగుతున్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ నా పక్షాన ఒక్క మాటా మాట్లాడి ఎరగరు. కత్తి కింద పెట్టారు.

"నాకు చదువబ్బలేదని నీకెవరు చెప్పార్రా? లెక్కల్లో నేనే ఫస్టు. పెద్దమనిషినయ్యాక మా బడిలో చాటు లేక మానేశాను. మా నాన్నకే చెప్పుకోలేకపోయాను, నీకేం చెప్పను?"

దాంతో నాకూ నోరు లేచింది. "రేపు ఆఫీసులో పొద్దున్నించి సాయంత్రం దాకా ఆపుకుని, బుద్ధిగా పని చేసి రండి. అప్పుడు మీరు చెప్పిన బడిలోనే వేద్దాం."

ఆయన ఫోన్లోకి తల దూర్చేశారు. మర్నాడు నేనూ అత్తయ్యా వెళ్లి పిల్లని మూడో బడిలో చేర్పించాం. అక్కణ్ణించి తిన్నగా దుకాణానికెళ్లి, గ్లాసుడు నీళ్లు గటగటా తాగి, కాసేపాగి యజమాని ముందు చెయ్యి చాపాను. మధ్యాహ్నం ఇంకోసారి చాపాను.

"మళ్లీనా?"

"అవునండీ, మళ్లీనే. రేపూ అడుగుతాను." కొనడానికొచ్చిన ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. యజమాని సొరుగు లాగి తాళంచెవి ఇచ్చాడు.

బళ్లు తెరిచిన రోజు సాయంత్రం మా అమ్మాయి గుమ్మంలో నింపాదిగా చెప్పులు విప్పుకుంది. సంచిలోంచి సీసా తీసి, అలవాటుగా పూలకుండీ మీద వంచాను.

ఒక్క చుక్క రాలితే ఒట్టు.