మినహాయింపు నంబరు పదిహేడు

ఉదయం పదకొండు దాటి ఏడు నిమిషాలకు క్లోరిన్ మోతాదు దానంతటదే రెట్టింపయింది. నాలుగు నిమిషాల తర్వాత దానంతటదే దిగింది. నీటి శుద్ధి కేంద్రంలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

మేనేజరు ఆయాసపడుతూ రెండో అంతస్తుకు ఎక్కి వచ్చాడు.

"గేటమ్మా, ఎవడో లోపలికి దూరాడు. నీ పెట్టె గుర్రు పెట్టి నిద్రపోతోందా?"

ఆఫీసులో ఆమెను అందరూ గేటమ్మ అనే పిలుస్తారు. ఆమె కాపలా కాసే పెట్టె బయటి ఇంటర్నెట్‌కీ లోపలి కంప్యూటర్లకీ మధ్య దారిలో కూర్చుని, వచ్చేపోయే ప్రతి డేటా ముక్కనూ విప్పి చూస్తుంది. అందులో వేల ఫిల్టర్లున్నాయి. ఒక్కో ఫిల్టరు ఒక్కో రకం దొంగను పసిగడుతుంది. అనుమానం వస్తే చూసీ చూడనట్టు వదిలేస్తుంది, లేదా వదిలేసి ఆమెకు కబురు పెడుతుంది, లేదా అక్కడికక్కడే ఆపేస్తుంది. దేనికి ఏది చేయాలో చెప్పేది మాత్రం ఆమే.

"నిద్రపోలేదు సార్. చూస్తున్నా."

"చూడు. టీ కూడా తాగనివ్వలేదు వెధవ."

ఆయన పక్క గదిలోకి వెళ్లి ఫోన్లు మొదలుపెట్టాడు. ఆమె పెట్టె రాసుకునే చిట్టా, లాగ్, తెరిచింది. వెతకడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. బయటినుంచి పంపుహౌస్ కంప్యూటర్లను నడపాలని చూసేవాళ్లను ఆపే ఫిల్టరు దొంగను పట్టుకుంది. పట్టుకుని వదిలేసింది. ఎందుకంటే పక్కన ఒక మినహాయింపు ఉంది. నంబరు పదిహేడు. పంపుహౌస్ రెండో కంప్యూటరుకు ఈ ఫిల్టరు వర్తించదు. కారణం: తాత్కాలికం. ముగింపు తేదీ: ఖాళీ. రాసినవారు: ఆమె.

ఎనిమిది నెలల కిందట అక్క వెన్నెముకకు ఆపరేషన్ అయింది. నడుము కింద స్పర్శ తిరిగి రాలేదు. పంపుహౌస్ ఆపరేటరు బావే. ఇంట్లో మనిషిని ఒంటరిగా వదల్లేక, ఇంట్లో కూర్చుని పంపులు చూసుకునే ప్రోగ్రామొకటి పంపుహౌస్‌లోని తన కంప్యూటర్లో పెట్టుకున్నాడు. పెట్టె దాన్ని ఆపేసింది. "రెండు వారాలే మరదలా, పనిమనిషి కుదిరేదాకా" అన్నాడు. ఆమె మినహాయింపు రాసింది. ముగింపు తేదీ వేస్తే ఆ తేదీన బావను మళ్లీ అడగాలి. అడగడం ఇష్టంలేక ఆ గడి ఖాళీగా వదిలింది. తర్వాత ఆ సంగతి అటకెక్కింది.

ఇప్పుడు భయం వేయాలి కదా అనుకుని ఆమె కాసేపు ఎదురుచూసింది. ఏమీ వేయలేదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. అక్క ఆపరేషన్ తర్వాత చాలా విషయాల్లో ఇంతే.

బావకు ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావు బావా?"

"ఇంకెక్కడ, పంపుహౌస్‌లోనే. డ్యూటీ కదా."

వెనకనుంచి అక్క గొంతు వినబడింది. కిటికీ వెయ్యమంటోంది.

"పంపుహౌస్‌లో అక్క ఏం చేస్తోంది?"

అటువైపు కిటికీ రెక్క మూసిన చప్పుడు వినబడింది.

"నీ ప్రోగ్రాములోంచి ఎవడో వచ్చాడు బావా. పంతొమ్మిది రోజులుగా వస్తున్నాడు. ఇందాక క్లోరిన్ పెంచి చూసుకున్నాడు."

"ఆ పదిహేడో నంబరు తీసెయ్. తలుపు మూసుకుపోతుంది. ఎవరికి తెలుస్తుంది?"

"తలుపు మూస్తే కొత్తవాళ్లు రారు. లోపల వాడేం పెట్టాడో నీకు తెలుసా?"

"మరదలా, ఈ ఉద్యోగం పోతే క్వార్టర్ ఖాళీ చేయమంటారు. మీ అక్క వైద్యం ఆఫీసు కార్డు మీద నడుస్తోంది. నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. సరిగ్గా అప్పుడే తెరమీద క్లోరిన్ మోతాదు అంకె కదిలింది. రెండు, మూడు, నాలుగు. ఈసారి వాడు ఆగలేదు. ఆమె పదిహేడో నంబరు కొట్టేసి, ఫిల్టరును వచ్చినదాన్ని ఆపేసేలా మార్చి, ఆ కంప్యూటరును నెట్‌వర్క్ నుంచి పూర్తిగా వేరుచేసింది. దొంగ దారి తెగిపోయింది. అంకె మాత్రం తాగే నీటికి హద్దయిన ఐదు దాటింది. ఫిల్టరు వచ్చే ఆజ్ఞను ఆపగలదు, అప్పటికే చేరిపోయినదాన్ని వెనక్కి లాగలేదు.

"పరిగెత్తు బావా. చేతిచక్రం తిప్పి క్లోరిన్ లైను మూసెయ్."

"మీ అక్క..."

"పరిగెత్తు."

మేనేజరు తలుపు దగ్గరికి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. "ఇక్కణ్నుంచి తగ్గించలేమా?"

"వాడు క్లోరిన్ యంత్రం పాస్‌వర్డ్ మార్చేశాడు సార్. మన మాట వినడం లేదు."

"ఆ నీళ్లు ఊళ్లో కుళాయిలకు చేరడానికి నలభై నిమిషాలు. ఫర్వాలేదులే, పంపుహౌస్‌లో మీ బావ ఉన్నాడుగా. రెండు నిమిషాల పని."

బావ ఇంటినుంచి పంపుహౌస్‌కు స్కూటరు మీద పావుగంట. దారిలో రైలు గేటు. అది పడి ఉంటే ఎంతసేపో ఎవరూ చెప్పలేరు. ఉన్నాడని చెప్పి ఊరుకుంటే బహుశా సరిపోతుంది. బహుశా. ఆ మాట ఆమె మనసులో రెండుసార్లు తిరిగింది.

"పంపుహౌస్‌లో ఎవరూ లేరు సార్."

"ఏంటీ?"

"బావ ఇంట్లో ఉన్నాడు. ఎనిమిది నెలలుగా ఇంటినుంచే నడుపుతున్నాడు. దొంగ వచ్చింది ఆ దారినే. దారి వదిలింది నేను." గొంతు తనది కాదన్నట్టు వినబడింది ఆమెకు. "ఊరికెళ్లే పెద్ద గొట్టం ముందు మూయించండి."

మేనేజరు గుడ్లప్పగించి ఒక్క క్షణం చూశాడు. తర్వాత తిట్టలేదు, పరిగెత్తాడు. కింద మెకానిక్కులు ఇద్దరు ఆ గొట్టం వాల్వు తిప్పి మూశారు. ఊరంతటికీ నీళ్లు ఆగిపోయాయి. రైలు గేటు నిజంగానే పడింది. బావ స్కూటరు అక్కడే వదిలి పట్టాలు దాటి పరిగెత్తినా, క్లోరిన్ లైను మూతపడేసరికి ముప్పయ్యారు నిమిషాలైంది. అప్పటికి అంకె పదకొండు. ఆ నీళ్లన్నీ కాలువలోకి వదిలేశారు. ఎవరూ తాగలేదు.

మూడు గంటలకు మేనేజరు రిపోర్టు కాగితాలు ఆమె ముందు పెట్టాడు.

"చూడమ్మా, ప్రోగ్రాము పెట్టింది మీ బావ. ఆయన పేరు చాలు. నిన్ను పోగొట్టుకుంటే ఆ తొమ్మిది వేల ఫిల్టర్లతో నేను కుస్తీ పట్టాలి."

"మినహాయింపు నాది సార్."

"అదే రాయొద్దంటున్నా."

ఆమె రాసింది. బావ పేరు పై వరసలో, తన పేరు కింది వరసలో. పంతొమ్మిది రోజుల్లో దొంగ ముట్టిన కంప్యూటర్లన్నిటి జాబితా కూడా రాసి, ఒక్కోదాన్నీ విప్పి చూసేదాకా అన్నీ చేత్తోనే నడపమంది. మేనేజరు సంతకం పెట్టి, తలగోక్కుంటూ వెళ్లిపోయాడు.

బావను విచారణకు కూర్చోబెట్టారు. అక్క దగ్గర ఎవరూ లేరు కాబట్టి ఆమె వెళ్లింది. అక్క మంచం మీద, మొహం గోడవైపు పెట్టుకుని ఉంది.

"ఆయన చెప్పాడే ఫోన్లో" అంది అక్క. "నువ్వే చెప్పేశావటగా."

"అవును."

"ఇంకో పది నిమిషాలు ఆగితే ఆయన చేరేవాడు."

"రైలు గేటు పడిందక్కా."

"నీకు ముందే తెలుసా, పడుతుందని?"

"తెలీదు."

బయట ఎవరో బకెట్లు చప్పుడు చేస్తూ నీళ్లెప్పుడొస్తాయని అడుగుతున్నారు.

"క్వార్టర్ ఎప్పటికి ఖాళీ చేయాలి?" అడిగింది అక్క.

"ఇంకా ఏమీ చెప్పలేదు. మా ఇంటికొచ్చెయ్యండి. నా ఉద్యోగం ఉంటుందో లేదో మాత్రం అడక్కు."

"మీ ఇల్లు మూడో అంతస్తు. నన్నెలా ఎక్కిస్తావే, తాడు కట్టి లాగుతావా?"

ఆమెకు నవ్వు రాలేదు. అక్కకూ రాలేదు.

"ఎడం భుజం నొప్పెడుతోంది" అంది అక్క చివరికి. "తిప్పు."

ఆమె ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుము కింద పెట్టింది. అక్క ఆమె మెడ పట్టుకోలేదు, మంచం కమ్మీ పట్టుకుంది. అక్క బరువంతా తనమీద వేసుకుని, ఆమె మెల్లగా, కుడిపక్కకు తిప్పింది.