అర మార్కు

“నువ్వెప్పుడూ ఇంతే,” అన్నాడు మా ఆయన, ఇస్త్రీ కాని చొక్కాని హ్యాంగర్‌తో సహా నా మొహం ముందు ఊపుతూ.

నేను స్టవ్ దగ్గరున్నాను. ఒక కన్ను పాల మీద, రెండు చేతులూ అమ్మాయి జడ మీద. వారమంతా నేను ఇస్త్రీ చేసిన చొక్కాలు బీరువాలో వరసగా వేలాడుతూనే ఉన్నాయి, అవి లెక్కలోకి రావు. చెయ్యనిది ఒక్కటి దొరికితే చాలు, అది ‘ఎప్పుడూ’ అయిపోతుంది. విచిత్రం ఏమిటంటే నా ఉద్యోగమే ఇది. ఎంతమందిని చూస్తే ఏ మాట అనొచ్చో చెప్పడం. పిల్లల చదువుల మీదా మనసుల మీదా పరిశోధనలు చేసే సంస్థలో గణాంకాలన్నీ నేనే చూస్తాను. ఒక్కటి చూసి ‘ఎప్పుడూ’ అనకూడదని కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే నేర్పుతాను. ఇంట్లో మాత్రం పెళ్ళయినప్పటినుంచీ ఎవరికీ నేర్పలేకపోయాను.

“దానికి ఆఫీసు గుర్తుంటే చాల్లే,” అంది మా అత్తగారు డైనింగ్ టేబుల్ దగ్గర్నుంచి. “మొన్న పిల్లకి లెక్కల్లో మార్కులు ఎందుకు తగ్గాయనుకున్నావు? తల్లి ఇంటిపట్టున ఉంటే కదా.” ఆ పరీక్ష పిల్ల జ్వరంతో రాసింది. ఆవిడకీ తెలుసు, తడిగుడ్డ వేసింది ఆవిడే. అంతకుముందు రాసినవన్నీ బాగానే వచ్చాయి కానీ వాటికి కారణం వేరు. మంచి మార్కులొస్తే అది ‘మావాడి బుర్ర’. తగ్గితే నా ఉద్యోగం. ఈ పంపకం ఇంత శ్రద్ధగా ఎవరు చేశారో గానీ, ఒక్కసారి కూడా తేడా రాదు.

ఆఫీసులో కథ ఇంకో రకం. అక్కడ ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పరు, వేలమందిని పోగేసి చెప్తారు. రెండేళ్ళ కిందట మా డైరెక్టర్‌కి ఒక అనుమానం వచ్చింది, ఉద్యోగాలు చేసే తల్లుల పిల్లలు చదువులో వెనకబడుతున్నారని. అనుమానం అంటున్నాను గానీ ఆయన అప్పటికే తేల్చేసుకున్నాడు, రుజువొక్కటే తక్కువ. మొదట రెండొందల మంది పిల్లల్ని చూశాం. చెప్పుకోదగ్గ తేడా లేదు. “శాంపిల్ చిన్నదమ్మా, అందుకే బయటపడటం లేదు. ఇంకొన్ని స్కూళ్ళు కలుపు,” అన్నాడు. కలిపాం. లేదు. ఇంకా కలపమన్నాడు. కలిపినప్పుడల్లా నేను లెక్క కట్టడం, ఆయన నా భుజం మీదుగా కంప్యూటర్లోకి తొంగిచూడటం, పెదవి విరవడం. అనుకున్నది తేలేదాకా మనుషుల్ని పోగేస్తూ పోయి, తేలగానే ఆపెయ్యడం తప్పని చెప్పాను. నాణెం ఎగరేస్తూ కూర్చుని, మనం కోరిన వైపు కాస్త ఎక్కువ పడగానే లేచి చేతులు దులుపుకోవడం లాంటిదన్నాను. “నువ్వు మరీ పుస్తకాల మనిషివమ్మా,” అని నవ్వాడు.

నలభై వేలమంది అయ్యాక తేలింది. వందకి అర మార్కు.

అంతమందిని పోగేస్తే ఏ రెండు గుంపుల మధ్యైనా ఏదో ఒక తేడా తేలుతుంది. ఎడమ పాపిడి పిల్లలకీ కుడి పాపిడి పిల్లలకీ మధ్య కూడా తేలినా నేను ఆశ్చర్యపోను. ఇది గాలివాటున వచ్చిన తేడా కాకపోవచ్చని మాత్రమే లెక్క చెప్తుంది. పట్టించుకోవలసినంత తేడానా కాదా అన్నది మనిషి చెప్పాలి. మా డైరెక్టర్ చెప్పాడు, తన పద్ధతిలో. ‘ఉద్యోగాలు చేసే తల్లుల పిల్లలు వెనకబడుతున్నారని రుజువైంది’ అని రిపోర్టు మొదటి పేజీలో రాశాడు. అర మార్కు అన్న మాట ఎక్కడో వెనక పట్టికలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. చివర్న, స్కూళ్ళ సంగతులు తేల్చే కమిటీకి ఒక సిఫారసు: స్కూలు వదిలాక ఆరింటిదాకా పిల్లల్ని ఉంచుకునే సాయంత్రం గదులు మూసెయ్యాలట. తల్లులు తొందరగా ఇంటికొస్తారట.

మా అమ్మాయి ఉండేది అలాంటి గదిలోనే. గోడవారగా చెప్పులు విప్పుకుని, చాప మీద బోర్లా పడుకుని బొమ్మలేసుకుంటూ ఉంటుంది. నేను గుమ్మంలో కనబడగానే “అప్పుడే వచ్చావా” అని విసుక్కుంటుంది. పిల్లని చూసుకోడం తల్లి పనేనని అత్తగారు ఎప్పుడో తేల్చేసింది కాబట్టి, ఆ గది లేకపోతే నేను మూడున్నరకి ఇంట్లో ఉండాలి. అంటే ఉద్యోగం మానాలి. నేనొక్కదాన్నే కాదు, ఆ గుమ్మంలో రొప్పుతూ వచ్చి నిలబడే ఆడవాళ్ళందరూ.

అసలు నా కడుపు మంట ఇంకోటి. మొదటి రెండొందల మందిలోనే ఒక సంగతి కనబడింది. తండ్రి పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని చదివిస్తాడా అని నేను చేర్చిన ప్రశ్న ఒకటుండేది. చదివించే ఇళ్ళలో పిల్లలకి ఏడు మార్కులు ఎక్కువ. అదే కారణమని నేననను, అలాంటి ఇళ్ళలో ఇంకా ఎన్నో ఉండొచ్చు. కానీ ఆగి చూడవలసిన తేడా. తీసుకెళ్ళి చూపించాను. “రెండొందల మందితో ఏం తేలుతుందమ్మా, పక్కన పెట్టు,” అన్నాడు. సరే, ఎలాగూ స్కూళ్ళు పెంచుతున్నాం కదా అని ఊరుకున్నాను. తీరా చూస్తే ఆ తర్వాత స్కూళ్ళకెళ్ళిన కాగితంలో ఆ ప్రశ్నే లేదు. కాగితం పొడుగైపోతోందని తీసేశాడట. కళ్ళ ముందున్నది కనబడటానికి రెండొందల మంది సరిపోయారు. ఉండీ లేనట్టున్నదాన్ని పట్టుకోడానికి నలభై వేలమంది కావలసొచ్చారు. తండ్రుల దగ్గరికొచ్చేసరికి కాగితం పొడుగైపోతుంది. తల్లుల మీద నేరం మోపాలంటే ఎన్ని స్కూళ్ళయినా తిరగొచ్చు.

ఆ చొక్కా గొడవైన రోజే డైరెక్టర్ నన్ను గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. అప్పుడే అనుమానం వచ్చింది, ఆయన ఎప్పుడూ కూర్చోమనడు.

“ఈసారి రిపోర్టు మీద మొదటి పేరు నీదే,” అన్నాడు.

నేను లెక్క కట్టిన రిపోర్టులు అలమరా నిండా ఉన్నాయి. ఒక్కదాని మీదా నా పేరు లేదు. ‘సహకరించిన సిబ్బందికి కృతజ్ఞతలు’ అన్న ముక్కలో నేనూ, జెరాక్స్ మిషను బాగుచేసేవాడూ కలిసి ఉంటాం.

“ఇప్పుడెందుకు సార్?” అన్నాను.

“నేను చెప్తే, మగవాడు ఆడవాళ్ళ మీద పడ్డాడని గొడవ చేస్తారు. ఉద్యోగం చేసే తల్లే చెప్తే ఇంకెవరు నోరెత్తుతారు? నీకూ పేరొస్తుంది.”

“మొదటి పేరున్నవాళ్ళే కదా సార్ అన్నిటికీ జవాబు చెప్పుకోవాలి?”

“మరి, అదే కదా గౌరవం! రేపు కమిటీ వాళ్ళందరికీ నువ్వే పంపించెయ్. పొద్దున నేను ప్రయాణంలో ఉంటాను.”

మెయిల్లో పెట్టి పంపించడాలు ఎలాగూ నా పనే. తల ఊపి వచ్చేశాను.

సాయంత్రం ఇంట్లో చెప్తే మా ఆయన మొహం వెలిగిపోయింది. “పేరు ఇస్తానంటే ఎగిరి గంతెయ్యక ఆ మొహం ఏంటి? అయినా అందులో అబద్ధమేముంది? తేడా ఉందని నువ్వే అంటున్నావుగా.”

“అర మార్కండీ. వందకి అర.”

“అరైనా తేడా తేడాయే.”

“నేనంటే చాదస్తం అన్నావు,” అంది అత్తగారు తృప్తిగా. “ఇప్పుడు నీ కంప్యూటరే చెప్తోందిగా.”

అమ్మాయి హోంవర్క్ మీంచి తలెత్తింది. “అమ్మా, నా మార్కులు నీవల్లే పోయాయా?”

నాకు ఒళ్ళంతా మండిపోయింది. ఈ రిపోర్టు పేపర్లకెక్కితే ఎన్ని ఇళ్ళలో ఎంతమంది పిల్లలు ఇలా తలెత్తి అడుగుతారు! ఎంతమంది తల్లులు నిజమేనేమో అనుకుంటారు! వాళ్ళు చదివే ఆ కాగితం మీద నా పేరుంటుంది. పిల్ల లెక్కల పుస్తకం తీసుకెళ్ళి వాళ్ళ నాన్న ఒళ్ళో పెట్టాను. “ఇప్పుడా? వార్తలొస్తున్నాయి,” అన్నాడు. పుస్తకాన్ని జాగ్రత్తగా సోఫా పక్కన పెట్టాడు, అది తనకి పొరపాటున వచ్చిన పార్సెల్ అన్నట్టు.

“నీవల్లా కాదు, నావల్లా కాదు,” అన్నాను పిల్లతో. “జ్వరంవల్ల.”

మర్నాడు ఆఫీసుకెళ్ళగానే రిపోర్టు తెరిచాను. ఒక్క అంకె కూడా మార్చలేదు. వెనక పట్టికలో దాక్కున్న అర మార్కుని మొదటి పేజీకి తెచ్చాను. తేడా తేలేదాకా స్కూళ్ళు కలుపుతూ పోయామనీ, కాబట్టి ఆ తేడాని కూడా పూర్తిగా నమ్మడానికి లేదనీ రాశాను. రెండొందల మందిలో కనబడ్డ ఏడు మార్కుల సంగతీ, ఆ ప్రశ్న తీసేసిన సంగతీ రాశాను. ఇది తక్కువమందిలో చూసింది, దీన్నీ రుజువనుకోవద్దు, మళ్ళీ అడగండి అని కూడా రాశాను. సాయంత్రం గదులు మూయించడానికి ఇందులో ఏ ఆధారమూ లేదు. ఆ వాక్యాన్ని వేరే పేరాగా విడదీసి పెట్టాను, ఇన్నాళ్ళూ నోరు మూసుకున్న కోపంతో. మొదట నా పేరు, రెండోది ఆయన పేరు. కమిటీలో అందరికీ పంపించేశాను.

మధ్యాహ్నం ఆయన ఫోను. “ఏం పంపావు నువ్వు? నా పేరు కూడా ఉంది అందులో!”

“రెండోది సార్.”

“పొరపాటైందని వెంటనే రాయి. అసలు రిపోర్టు నేను పంపుతానని చెప్పు.”

“పొరపాటు లేదు సార్, మళ్ళీ మళ్ళీ చూశాను.”

“పోనీ పాపం అని పేరిస్తే ఇదా నువ్వు చేసేది? ఈ నెలాఖరుతో నీ కాంట్రాక్టు సరి. తెలిసిందా?”

“సరే సార్,” అన్నాను. నా గొంతు అంత మామూలుగా రావడం నాకే వింతగా ఉంది. ఉద్యోగం పోతుందని తెలుసు, ఇంటికెళితే ఏమంటారో కూడా తెలుసు. “నెలాఖరుదాకా ఉంటాను కదా. కమిటీ వాళ్ళేమైనా అడిగితే నేనే చెప్తాను.”

ఠక్కున పెట్టేశాడు.

మంచినీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపేలోగా ఫోను మళ్ళీ మోగింది. కమిటీ నుంచి ఎవరో పెద్దావిడ. రిపోర్టు చదివిందట, అడగాల్సినవి చాలా ఉన్నాయట. “ఇది రాసినవాళ్ళతో మాట్లాడాలమ్మా, డైరెక్టర్ గారిని పిలుస్తారా?”

“నాతోనే మాట్లాడండి,” అని నా పేరు చెప్పాను.