గుర్తు కట్టిన మొక్కలు

కర్రపెండలం నరికే కత్తిని ఆమె సబ్బునీళ్లలో ముంచి కడుగుతుంటే, గట్టు మీద కూర్చున్న మొగుడు కూలివాళ్లకు వినబడేలా అన్నాడు. "అయిందా కత్తికి స్నానం? పౌడరు కూడా రాయి."

అందరూ నవ్వారు. ఆమెకు అలవాటే. పోయినేడు ఆకుల మీద పసుపు మచ్చలు పడి, ముడుచుకుపోయి, దుంప వేలెడు కూడా ఊరలేదు. "నాటిన చేయి అలాంటిది" అని అత్తగారు ఒక్క మాటలో తేల్చేసింది. కలుపు తీసినదీ, తవ్వినదీ, ఇంటికెళ్లి అందరికీ వండిపెట్టినదీ ఆ చేయేనని ఎవరికీ గుర్తు రాలేదు. వ్యవసాయాధికారి ఇంటికొచ్చి జాగ్రత్తలు చెప్పిననాడు మొగుడు కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకున్నాడు. టీ కప్పులు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ ఆమె మాత్రం ఒక్క మాట పొల్లుపోకుండా వింది. నరికే కత్తిని సబ్బునీళ్లతో కడిగే వాడాలి. తెగులు మొక్క కనబడగానే పీకి కాల్చెయ్యాలి. మళ్లీ నాటే విత్తనం కర్ర మంచి మొక్క నుంచే తీసుకోవాలి. కోతనాటికి ఆకు రాలిపోతుంది, అప్పుడు ఏది మంచిదో బ్రహ్మకి కూడా తెలియదు. ఆకు ఉన్నప్పుడే గుర్తు పెట్టుకోవాలి.

ఈ ఏడు పీకనిస్తేగా! "పచ్చటి మొక్కని పీకుతావా, మతి పోయిందా?" అని అత్తగారు అడ్డం పడింది. అందుకని పాత చీర చింపి, వంటకీ అంట్లకీ మధ్య దొరికిన అరగంటల్లో సాలుసాలూ తిరిగి, మచ్చలేని మొక్కలకి పేలికలు కట్టింది. నాలుగు నెలలు పట్టింది.

ఆ రోజు కత్తి కడిగిచ్చి ఇంటికెళ్లి, మధ్యాహ్నం అందరికీ అన్నం మోసుకొచ్చేసరికి చేను మొత్తం నరికేసి ఉంది. కర్రలన్నీ కలిపి కట్టలు కట్టేశారు. పేలికలు గట్టు కింద కుప్పగా పడున్నాయి.

"వచ్చేపోయేవాళ్లు నవ్వుతున్నారే. పీకించేశా" అన్నాడు మొగుడు.

"అవి గుర్తులండీ, విత్తనానికి..."

"ఏ కర్రైతే ఏం, గుచ్చితే మొలుస్తుంది. అన్నట్టు, మీ చెల్లికి రేపు పది కట్టలు పంపుతున్నా. మీవాళ్లకి ఏమీ చెయ్యలేదని మళ్లీ సాధించకు."

చెల్లెలు మొగుణ్ణి వదిలేసి, ఇద్దరు పిల్లలతో తొలిసారి సొంతంగా చేను వేస్తోంది. అది పోతే మళ్లీ ఆ మొగుడి గడపే గతి. ఆమె ఒక కట్ట విప్పి కర్ర తర్వాత కర్ర తిప్పి చూసింది. అన్నీ ఒకేలా ఉన్నాయి. నాలుగు నెలలు కళ్లల్లో పెట్టుకున్న మొక్కల్లో ఒక్కటీ గుర్తుపట్టలేకపోయింది. గుండెలు బాదుకుని ఏడవాలనిపించింది.

"తెగులని బయట అన్నావో, చూడు. మన దుంప ఎవడూ ముట్టుకోడు" అన్నాడు మొగుడు.

ఆమె కర్రలు అక్కడే వదిలేసి, అతని ఎదుటే చెల్లెలికి ఫోన్ చేసింది.

"మీ బావగారు కర్రలు పంపుతారు. దించుకోకు. మా చేనంతా తెగులే."

"పెట్టెయ్ ఫోను! కొంపలు ముంచుతావా?" అని మొగుడు అరిచాడు.

ఆ అరుపు అవతల చెల్లెలికి వినిపించింది. ఆ పిల్ల పుట్టింటికి వచ్చేసిననాడు, "సర్దుకుపోవే, నేను సర్దుకోలేదా, నాకేం తక్కువైందని?" అని తిరిగి పొమ్మన్నది తనే.

"అక్కా, నువ్వు బాగానే ఉన్నావు కదా?"

"లేనే" అంది ఆమె. "ఆనాడు నీకు అబద్ధం చెప్పాను."